తాయారు వదినతో కొండాపూర్ దవాఖానకి

హైదరాబాదు వెళ్ళొచ్చి చార్మినార్ చూడలేదంటే మా స్టాఫ్‌రూములో ఎవరూ నమ్మలేదు. గోల్కొండ చూడలేదు, మ్యూజియం చూడలేదు. ట్యాంక్‌బండ్ దగ్గర బుద్ధుణ్ణి బస్సులోంచి చూశాం, అదీ వీపు వైపు నుంచి. "మరి దసరా సెలవులన్నీ అక్కడ ఏం చేశారండీ?" అని మా తెలుగు మేడమ్ అడిగింది. రెండు ముక్కల్లో చెప్పలేక నవ్వేసి ఊరుకున్నాను. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అసలు ప్రయాణం నాది కాదు, మా తాయారు వదినది. మా ఆయనకి అక్కగారు. పాలకొల్లులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. శుభ్రమంటే ప్రాణం. కూరగాయలు మూడు నీళ్ళలో కడుగుతుంది, బజారు నుంచి తెచ్చిన చిల్లర కూడా కడుగుతుంది. ఆవిడ వచ్చి వెళ్ళాక ఇంట్లో చాలాసేపు ఘాటైన యాంటిసెప్టిక్ వాసన మిగులుతుంది.

అలాంటి మనిషికి ఏడాదిగా తెల్లబట్ట, దురద, వాసన. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పినప్పుడు కూడా "ఆ ఇబ్బంది" అనే అంది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందనుకుంది. ఊళ్ళో ఒక నర్సింగ్‌హోముకి తీసుకెళ్తే అక్కడ పరీక్షా గిరీక్షా లేకుండానే తేల్చేశారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, గర్భసంచి తీయించేసుకోండి, క్యాన్సర్ భయం ఉండదు, అన్నారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక వదినకి అన్నం సయించడం మానేసింది. ఆపరేషన్ దసరా వెళ్ళాక అనుకున్నాం.

హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు ఉష ఫోన్లో విని, "కోయించుకోవడానికి తొందరేముందక్కా? ముందు ఇక్కడ మా డాక్టరుగారికి చూపించండి" అంది. సెలవులిచ్చిన రోజే రైలెక్కేశాం.

హఫీజ్‌పేట

ఉష ఇల్లు హఫీజ్‌పేట స్టేషనుకి దగ్గర్లో. మేడ మీద రెండు గదులు. దాబా ఎక్కితే ఒక పక్క కొత్త అపార్టుమెంట్లు, ఇంకో పక్క పెద్దపెద్ద బండరాళ్ళు, ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినట్టు. ఉషది కంప్యూటర్ ఉద్యోగం. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయట, అలా మరిచిపోకుండా చూడ్డం దాని పని. "తేదీలు మరిచిపోతే క్యాలెండర్ కొనుక్కోవచ్చుగా" అంది వదిన. ఉష కాఫీ కలపడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వదిన కొబ్బరికాయ కొనుక్కొస్తానని కిందికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. మా ఊళ్ళో మూడు కాయలొచ్చే డబ్బుకి ఇక్కడ ఒక్కటట, అదీ పిందె. "కొబ్బరితోటల్లో పుట్టి ఆ ధర పెట్టి కొంటే ఊళ్ళో పరువుండదు" అని పల్లీల పచ్చడి చేసింది. ఇంటివాళ్ళావిడ రుచి చూసి, "మీ ఆంధ్రోళ్ళు కారం గింత తింటరా?" అని కళ్ళు తుడుచుకుంటూనే ఇంకో గరిటె వేయించుకుంది. సాయంత్రం తను వేడివేడి సర్వపిండి పంపింది. గిన్నెకి అతికి కాలిన ఆ బియ్యప్పిండి రొట్టె అంచుల కోసం నేనూ ఉషా దాదాపు దెబ్బలాడుకున్నాం. వదిన మాత్రం ముక్క తుంచి పక్కన పెట్టేసింది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కొండాపూర్

దవాఖాన అంటే మూడు గదుల పెంకుటిల్లు. ముందు వరండాలో రెండు బల్లలు. డాక్టరు పేరు సబీహా, యాభై ఏళ్ళుంటాయి, పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. వరండాలో వదిన పక్కన ముప్పై అయిదేళ్ళ మనిషి కూర్చుంది. చీర కొంగుకి సిమెంటు అంటి ఉంది. వదిన ఒక జానెడు ఇవతలికి జరిగింది.

ఆ మనిషి అది గమనించి నవ్వింది. "అంటదమ్మా, ఎండిపోయింది" అంది. పేరు ఎల్లమ్మ. పాలమూరు జిల్లా నుంచి వచ్చి మాదాపూర్లో బిల్డింగు పనిలో ఉందట.

"మీరు గూడ నడుము నొప్పికేనా?" అని అడిగింది.

వదిన గొంతు తగ్గించి, "ఆఁ, అలాంటిదే" అంది.

"నాకు నడుము నొప్పి, ఇగ తెల్లబట్ట. ఒక్కోసారి ఎర్రగ గూడ కనవడ్తది." ఎల్లమ్మ మామూలు గొంతుతోనే చెప్పింది. వరండాలో మగవాళ్ళెవరూ లేరు. ఉన్నా అలాగే చెప్పేదేమో. వదిన చెవులు ఎర్రబడ్డాయి.

లోపల డాక్టరుగారు వదినని చాలాసేపు అడిగింది. ఎప్పటి నుంచి, ఎలా, ఏం వాడారు. వదిన తలొంచుకుని, రోజూ యాంటిసెప్టిక్ కలిపిన నీళ్ళతో లోపలి దాకా కడుక్కుంటానని చెప్పింది. ఎప్పటి నుంచీ అంటే చిన్నవాడు పుట్టిన దగ్గర్నుంచీ. వాసన ఎక్కువైన కొద్దీ మందు చిక్కగా కలిపిందట.

డాక్టరు కోప్పడలేదు. "అచ్ఛా" అని లేచి పరీక్ష గదిలోకి తీసుకెళ్ళింది. చెక్క పుల్లతో కొంచెం స్రావం తీసి ఒక గాజు పలక మీద రాసి, మిగిలింది ఒక పసుపు కాగితప్పట్టీకి అద్దింది. కాగితం ఆకుపచ్చకి తిరిగింది. నేను పిల్లలకి లిట్మస్ చూపించేదాన్నే కాబట్టి విషయం నాకు కొంత అర్థమైంది. పులుపు ఉండాల్సిన చోట పులుపు లేదు. తర్వాత గర్భాశయ ముఖద్వారం నుంచి కొన్ని కణాలు గీకి ఇంకో గాజు పలక మీద రాసింది. క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులేమైనా ఉంటే ఆ పరీక్షలో తెలుస్తాయట. దాన్ని ల్యాబుకి పంపుతారు, నాలుగు రోజుల్లో ఫలితం వస్తుంది.

మొదటి పలకని మాత్రం ఆవిడ అక్కడే చూసింది. అప్పుడే కరెంటు పోయింది. సూక్ష్మదర్శినిని కిటికీ దగ్గరికి జరిపి, కింది అద్దాన్ని ఎండ వైపు తిప్పి, వదినని పిలిచింది.

"జర ఇట్ల రండి అమ్మా. ముందు ఇది చూడండి. ఏ ఇబ్బందీ లేని ఒకామెది, పొద్దున తీసింది."

వదిన ఒక కన్ను మూసుకుని చూసింది. "సన్నసన్నటి పుల్లలు ఉన్నాయండీ. బోలెడు."

"అవి బాక్టీరియా. మంచివి. పాలను పెరుగు చేసేవాటికి చుట్టాలు. యోనిలో అవి ఉండాలె. పులుపు పుట్టిస్తయి, ఆ పులుపులో చెడ్డవి బతకవు. గర్భసంచి మూతిని కాపాడేది అవే." పలక మార్చింది. "ఇప్పుడు మీది."

వదిన మళ్ళీ కన్ను ఆనించింది. "ఇందులో పుల్లలు లేవండీ. ఇసక చల్లినట్టుంది."

"అదే మీ పరేషానీ. శుభ్రం అని రోజూ మందేసి కడిగి మంచివాటిని చంపిన్రు. ఖాళీ ఇంట్లోకి వేరేవాళ్ళు వచ్చి కూచున్నరు. దానికి గర్భసంచి ఏం తప్పు చేసింది, కోసి పారెయ్యనీకి?"

నేను ఉండబట్టలేక, "పుల్లలు లేకపోతే క్యాన్సర్ వస్తుందా మేడమ్?" అని అడిగాను.

"గంత సీదా లెక్క కాదు. ఆ క్యాన్సర్‌కి మూలం ఒక వైరస్. భార్యాభర్తల మధ్య అంటుతది, చాలామందికి అంటుతది, చాలామందికి దానంతట అదే పోతది. కొందరికి పోక, ఏండ్ల తరబడి ఉండి కణాలను మారుస్తది. ఈ మంచి బాక్టీరియా తక్కువున్నోళ్ళలో అది ఎక్కువ రోజులు ఉంటదా అని ఇంకా చూస్తున్నరు. తెలిసినంత మట్టుకు చెప్తున్న." మాత్రలు రాసిచ్చింది. లోపల ఏ మందూ వేసి కడగొద్దని, బయట మామూలు నీళ్ళు చాలని చెప్పింది.

"మరి పెరుగు..." అని వదిన మొదలుపెట్టింది.

"తినండి, మంచిదే. అక్కడ మాత్రం పెట్టకండి" అంది డాక్టరు. వదిన నవ్వింది. ఊరు దాటాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

మా తర్వాత ఎల్లమ్మ లోపలికి వెళ్ళింది. ఆమెకి కూడా అదే పరీక్ష చేశారు. ఫలితం కోసం మమ్మల్నీ ఆమెనీ ఒకే రోజు రమ్మన్నారు.

జీడిమెట్ల, పొరపాటున

ఫలితం వచ్చేదాకా వదినని ఇంట్లో ఉంచితే ఆలోచనలతో కుంగిపోతుందని ఉష మమ్మల్ని తన ఆఫీసు చూడ్డానికి రమ్మంది. మియాపూర్ దగ్గర సెవెన్ సీటర్ ఆటో ఆగింది. "కంపెనీకా అమ్మా?" అన్నాడు డ్రైవరు. "అవును బాబూ, కంపెనీకే" అంది వదిన. ఎక్కేశాం.

దిగేసరికి ముక్కు మండే వాసన, వరసగా రేకుల షెడ్లు, పొగగొట్టాలు. ఉష ఇక్కడ తేదీలు సరిచేస్తుందంటే నాకు అనుమానం వచ్చింది. అది జీడిమెట్ల. అతను మమ్మల్ని ఒక మందుల కంపెనీ గేటు ముందు దింపాడు.

అప్పుడే షిఫ్టు దిగి ఆడవాళ్ళు బయటికొస్తున్నారు. ఒకామె మా సంగతి విని పడీపడీ నవ్వి, చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్ళింది. మిర్చి బజ్జీలు తినిపించింది, డబ్బులు ఇయ్యనివ్వలేదు. గోలీలు అట్టల్లో పెట్టడం తన పని అని చెప్పింది. వదిన సంచీలోంచి తన మందు అట్ట తీసి చూపించింది. "ఇది మీరు పెట్టిందేనా?" ఆమె తిప్పి చూసి, "మాది గాదు, పక్క కంపెనీది. గని మంచిగనే పెట్టిన్రు, ఏస్కో" అంది.

ఆ రోజు ఉష ఆఫీసు చూడలేదు. ఆఫీసు గేట్లో మా కోసం ఎదురుచూసి చెల్లెలు ఇంటివాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేసిందట. వదిన మాత్రం ఇన్నాళ్ళకి కడుపు నిండా తింది, అదీ బజ్జీలు.

మళ్ళీ కొండాపూర్

ఫలితం రోజు పొద్దున వదిన మూడుసార్లు చీర మార్చింది. దవాఖానలో డాక్టరు కాగితం చేత్తో పట్టుకుని ముందు నవ్వి తర్వాత చెప్పింది. "ఇన్ఫెక్షన్ వల్ల వాపు ఉంది, అంతే. కణాలు మంచిగున్నయి. క్యాన్సర్ లేదు, దాని ఛాయ కూడ లేదు. ఆపరేషన్ మాట మరిచిపోండి. ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకోండి."

వదిన కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. కళ్ళనీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది. ఏడాది నుంచీ అది చల్లగానే ఉండేది.

లేవబోతూ, "ఎల్లమ్మ వచ్చిందాండీ?" అని అడిగింది.

డాక్టరు ముఖం మారింది. "రాలేదు. పొద్దున్నే రమ్మన్న. ఆమె రిపోర్టు ఆమెకే చెప్పాలె, మీకు చెప్పలేను. కానీ ఆమె రావాలె. ఫోన్ లేదు, మనిషిని పంపుదామంటే అడ్రసు సరిగ లేదు."

వదిన నావైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "మాదాపూర్లో బిల్డింగు పని అంది కదా సరళా. పద."

మాదాపూర్

అలా చూశాం నగరమంతా చెప్పుకుంటున్న ఆ కంప్యూటర్ కంపెనీల కొత్త గుండ్రటి భవనాన్ని. చుట్టూ రాళ్ళగుట్టలు, తుప్పలు, మధ్యలో అద్దాలతో నున్నగా మెరుస్తూ నిలబడి ఉంది. గేటులో మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. మేం దాన్ని తలెత్తి ఒకసారి చూసి, దాని వెనక్కి నడిచాం. వెనక ఇంకో నాలుగు భవనాలు లేస్తున్నాయి. మొదటి దాంట్లో ఎల్లమ్మలు ఇద్దరున్నారు, ఇద్దరూ మా ఎల్లమ్మ కాదు. రెండో చోట సెక్యూరిటీ లోపలికి రానివ్వలేదు. మూడో చోట మేస్త్రి, "పాలమూరోళ్ళా? గా పక్క మిల్లర్ కాడ సూడుండ్రి" అన్నాడు.

కాంక్రీటు కలిపే మిల్లర్ గడగడమంటూ తిరుగుతోంది. ఎల్లమ్మ తట్టతో కంకర మోస్తోంది. మమ్మల్ని చూసి ముందు గుర్తుపట్టలేదు, తర్వాత తట్ట దించింది.

"నిన్ను డాక్టరమ్మ రమ్మంటున్నారు" అంది వదిన.

"ఏందీ?"

"డాక్టరమ్మ!"

"నేను రానమ్మా" అని ఎల్లమ్మ కూడా అరిచింది. "మా గుడిసెల కాడ ఒకామెకు కడుపు కోసి గర్భసంచి తీసిన్రు. గామె ఇయ్యాల్టికీ బరువు ఎత్తలేదు. నాకూ గట్లనే తీస్తరు. నేను బరువు ఎత్తకుంటే మా పిల్లలు ఏం తింటరు?"

"నాకూ తీసేయమన్నారే ఎల్లమ్మా! తీయక్కర్లేదని ఇవాళే చెప్పారు!" మిల్లర్ చప్పుడుకి వదిన గొంతు చించుకోవాల్సి వచ్చింది. "నాకూ నీలాగే తెల్లబట్ట!"

సరిగ్గా ఆ మాట దగ్గర మిల్లర్ ఆగిపోయింది.

ఆ మాట నాలుగో అంతస్తు దాకా వినపడింది. ఇనుప చువ్వలు కడుతున్న మగవాళ్ళు తలొంచుకున్నారు. తట్టలెత్తిన ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సొంత మొగుడి ముందు కూడా ఆ మాట పలకని మనిషి.

ముందు నవ్వింది ఎల్లమ్మే. తర్వాత మిగతా ఆడవాళ్ళు. ఒక ముసలామె ఇసకలో చతికిలపడి మరీ నవ్వింది. చివరికి వదిన కూడా నవ్వు ఆపుకోలేక నా భుజం మీద వాలిపోయింది. నవ్వులు తగ్గాక ఒక చిన్నమ్మాయి దగ్గరికొచ్చి, "నాకు గూడ గదే ఉందమ్మా. ఎవలకు సెప్పాల్నో తెల్వక ఊకున్న" అంది నెమ్మదిగా.

వదిన ఇటుకల మీద కూర్చుని వాళ్ళకి పుల్లల సంగతి చెప్పింది. సూక్ష్మదర్శినిలో చూసింది చూసినట్టు చెప్పింది. తెలియని చోట తెలియదంది. చివర్లో ఎల్లమ్మతో, "నీ కాగితంలో ఏముందో నాకు తెలీదు. నాతో రా. ఏమన్నా అయితే నేను పక్కనుంటాను" అంది.

"పక్కకుంటవా?"

"ఉంటాను."

ఎల్లమ్మ మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి ఇంకా తలెత్తలేదు. "పో, పో" అని చెయ్యి ఊపాడు.

పరీక్ష గది బయట

మర్నాడు ఎల్లమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. లోపలికి వదిన కూడా రావాలంది. తర్వాత వదిన చెప్పిందే నేను రాస్తున్నాను. డాక్టరు సిరకా, అదే వెనిగర్ లాంటి ద్రావకం అద్ది, పెద్ద భూతద్దంలాంటి దాంతో చూసింది. ఒక చోట తెల్లగా మచ్చ కనపడింది. అక్కడ చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపింది. ఎల్లమ్మ వదిన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

మూడు రోజులకి జవాబొచ్చింది. అప్పటికి సెలవులు సగం పైన అయిపోయాయి, వదిన ఊరి మాటే ఎత్తలేదు. కణాలు మారడం మొదలైంది, క్యాన్సర్ మాత్రం ఇంకా కాలేదు. డాక్టరు ఎల్లమ్మకి అర్థమయ్యేలా చెప్పింది. "అట్లనే వదిలేస్తే కొన్నేండ్లకు అయ్యేదేమో. ఇప్పుడే దొరికింది. ఆ మచ్చను చలితో గడ్డకట్టించి తీసేస్తం. కోత లేదు, గర్భసంచి ఎక్కడిదక్కడే ఉంటది."

ఆ రోజే చేసేశారు. ఎంతోసేపు పట్టలేదు. బయటికొచ్చిన ఎల్లమ్మ, "ఐసు పెట్టినట్టుండె, గంతే" అంది ఆశ్చర్యంగా. కొన్నాళ్ళు నీళ్ళలా పోతుందని, బరువు ఎత్తొద్దని, నెలలు గడిచాక మళ్ళీ పరీక్షకి రావాలని డాక్టరు చెప్పింది. మేస్త్రి ఆమెని గోడలు తడిపే పనిలోకి మార్చాడు.

వెళ్ళేముందు డాక్టరు వదిన దగ్గర మళ్ళీ స్రావం తీసి కొత్త పలక చూసింది. ఆ రోజు కరెంటు ఉంది. వదిన కన్ను ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "సరళా, పుల్లలు! అక్కడొకటి, ఇక్కడొకటి..." తలెత్తి డాక్టరుని అడిగింది. "ఇవి నావేనాండీ?"

"మీవే. ఇంకా వస్తయి. జర ఓపిక పట్టండి, కడగకండి."

గుడిసెల దగ్గర బతుకమ్మ

సద్దుల బతుకమ్మకి ఎల్లమ్మ మమ్మల్ని పిలిచింది. మా వైపు దసరాకి బొమ్మలు పేర్చి, పేరంటాళ్ళకి శనగలు పంచుతాం. దేవుళ్ళు గూట్లో ఉంటారు, మనం ఎదురుగా కూర్చుంటాం. ఇక్కడ పువ్వులనే పేర్చి, ఆ పువ్వుల పేర్పునే అమ్మవారంటారు. తంగేడు, గునుగు, బంతి, వరసమీద వరస. దాన్ని నేల మీద పెట్టి చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. పూలన్నీ ఆ రాళ్ళగుట్టల్లోనే ఏరుకొచ్చారట. ఇంకో ఏడాదికి అక్కడ భవనాలు వచ్చేస్తే ఏ గుట్టకి వెళ్ళాలో అని ఒకామె అంది.

ఎల్లమ్మని ఆడొద్దని పీట వేసి కూర్చోబెట్టారు. ఆమె బదులు వదిన వలయంలోకి వెళ్ళింది. అందరూ వంగినప్పుడు ఈవిడ లేచేది, అందరూ కుడికి తిరిగితే ఎడమకి వెళ్ళి ముసలామెని గుద్దుకునేది. పీట మీద నుంచి ఎల్లమ్మ, "తాయారక్కా, జెర నిమ్మళంగ" అని నవ్వుతూ చప్పట్లు కొట్టింది. పొద్దు వాలాక పూలని చెరువులో వదిలి, నువ్వుల సద్ది తిన్నాం. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

తిరుగు దారి

మర్నాడు మధ్యాహ్నం రైలుకి బయల్దేరాం. పండగకి పనులు లేవు, మాదాపూర్ రోడ్డంతా ఖాళీ. కొండాపూర్ మీదుగా పోనిమ్మని వదిన ఆటో అతనితో చెప్పింది. డాక్టరుగారికి వెళ్ళొస్తామని చెప్పాలట.

దవాఖాన వరండా నిండిపోయి ఉంది. రెండు బల్లల మీదా, మెట్ల మీదా, వేపచెట్టు నీడలో కూడా ఆడవాళ్ళే. అందరూ నిన్న పండక్కి కట్టుకున్న చీరల్లోనే ఉన్నారు. ఇసకలో కూర్చుని నవ్విన ముసలామె ఉంది. ఎవరికి చెప్పాలో తెలియలేదన్న చిన్నమ్మాయి ఉంది. గుమ్మం పక్కన ఎల్లమ్మ నిలబడి, లోపలికి వెళ్ళబోతున్న ఒకామె భుజం తడుతూ, "ఏం గాదు, పో. నేనీడనే ఉంట" అంటోంది.

డాక్టర్ సబీహా తలుపు దగ్గరికొచ్చి, రోడ్డు మీద ఆగిన ఆటోలో మమ్మల్ని చూసింది. చేతిలో కాగితప్పట్టీ ఉంది, రెండో చెయ్యి పైకెత్తింది.

వదిన దిగబోయి ఆగింది. "ఆవిడకి ఇప్పుడు తీరికెక్కడుంది" అని తనూ చెయ్యి ఊపి, వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"ఇక పోనివ్వు బాబూ" అంది.